తెలివి ఎవరి తాతల ఆస్తి?

హిందూపురం బస్టాండు దగ్గర, ధర్మవరం స్టేషను బయట పుస్తకాల బండి మీద ఒకేరకం పుస్తకాలు కనిపిస్తాయి. మహాకవులు, గొప్ప శాస్త్రవేత్తలు, తత్వవేత్తలు, వాళ్ల బాల్యం, వాళ్ల అద్భుతాలు. ఆగస్టు 15కు, జనవరి 26కు మా బడుల్లో బహుమతిగా ఇచ్చేవీ అవే. మేమూ ఏళ్ల తరబడి ఇచ్చాము. ఒకసారి పెనుకొండ అవతలి తండా నుంచి వచ్చే ఎనిమిదో తరగతి పిల్ల అలాంటి పుస్తకం మొత్తం చదివి, మా దగ్గరికి వచ్చి అడిగింది: "సార్, దీంట్లో మనోళ్లు ఒక్కరూ లేరు. మనకు పుట్టుకతోనే అంత తెలివి రాదా?"

ఆ రోజు మాకు జవాబు దొరకలేదు. ఇప్పుడు చెబుతున్నాము. ఆ పుస్తకాలు చదవొద్దని మేము అనడం లేదు. చదవాలి. కాని మేధ అనేది కొన్ని వంశాల రక్తంలో పారుతుందనే మాట వాటిలో చాలావాటి లోపల నక్కి ఉంటుంది. దాన్ని బయటికి లాగాలి. ఎందుకంటే మన తాతల మెడకు చుట్టుకున్నది కూడా ఆ మాటే.

1869లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన వంశపారంపర్య మేధ గురించి ఒక పెద్ద పుస్తకం రాశాడు. జడ్జీలు, సేనానులు, కవులు, శాస్త్రవేత్తలు, మతాచార్యుల కుటుంబాలను లెక్కగట్టాడు. గొప్పవాళ్ల బంధువుల్లో గొప్పవాళ్లు ఎక్కువగా ఉన్నారు కాబట్టి మేధ రక్తంలోనే ఉందని తేల్చాడు. జాతులకు కూడా మెట్లు కట్టి, తెల్లవారి కింద నల్లవారిని కూర్చోబెట్టాడు. జడ్జి కొడుక్కి తండ్రి ఇంటి పుస్తకాలు, చదువుకు డబ్బు, పెద్దల పరిచయాలు ఉంటాయి కదా అంటే, వాటికి ఆయన పెద్దగా విలువ ఇవ్వలేదు.

సరిగ్గా రెండేళ్లకు, 1871లో, మన దేశంలో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. నేతగాని కొడుకు నేతగాడు, వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది వాళ్ల వాదన. 1911 చట్టంతో ఇది మద్రాసు రాజ్యానికీ వచ్చింది. ఎరుకలవారిని, సుగాలీలను, ఇంకా ఎన్నో జాతులను అక్కడక్కడ ఆ జాబితాలో ఎక్కించారు. పేరు రాయించుకోవాలి, వేలిముద్ర వేయాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి. వేలిముద్రల మీద 1892లో పుస్తకం రాసినది కూడా ఆ గాల్టనే.

ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. దొర ఇంట్లో పుడితే మేధ రక్తంలో ఉందన్నారు. తండాలో పుడితే నేరం రక్తంలో ఉందన్నారు. ఇవి రెండు మాటలు కావు, ఒకే మాటకు రెండు ముఖాలు. రెండో ముఖాన్ని 1952లో దేశమంతటా చట్టం నుంచి తీసేశారు. మొదటి ముఖం మాత్రం రంగుల అట్ట వేసుకుని ఇంకా మన బడిలో బహుమతిగా తిరుగుతోంది.

మరి పుట్టుకతో వచ్చిన మేధావులని చెప్పేవాళ్ల సంగతేమిటి? పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులనే చూద్దాం. బాల్యంలోనే 'పెనుగొండ లక్ష్మి' కావ్యం రాశారు. గొప్ప విషయమే, ఆయన మీద మాకు గౌరవమే. కాని ఆయన తండ్రి పండితుడు. పెనుకొండలో ఉన్న తెల్ల అధికారి భార్య పిట్ దొరసాని ఆయనకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పింది. ఆ కొండ కింద అదే కాలంలో మేకలు కాసిన పిల్లల్లో ఎవరికి ఏ దొరసాని పాఠం చెప్పింది?

లెక్కల రామానుజన్‌కు దేవత కలలో సూత్రాలు చెప్పిందని పిల్లల పుస్తకాలు రాస్తాయి. పదహారేళ్ల వయసులో కార్ అనే ఆయన రాసిన లెక్కల పుస్తకం ఆయన చేతికి అందిందన్నది చాలా పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేస్తాయి. అంత మనిషి కాలేజీలో లెక్కలు తప్ప మిగతావి పట్టించుకోక పరీక్ష తప్పాడు. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరాడు. 1913లో రాసిన ఉత్తరాన్ని కేంబ్రిడ్జిలో హార్డీ పట్టించుకోకపోతే మనకు ఆయన పేరు తెలిసేదా? మన తండాల నుంచి వెళ్లే ఉత్తరాలు చదివే హార్డీ ఎవరు?

అయితే అందరి తెలివీ ఒకటేనా అని కొందరు అడుగుతారు. కాదు. పిల్లకూ పిల్లకూ తేడా ఉంటుంది, పాతికమందికి పాఠం చెప్పే మాకు అది తెలుసు. కాని మనది అనంతపురం నేల. వాన పడని చేనులో వేరుశనగ మొలవకపోతే విత్తనాన్ని తిడతామా? ముందు తడి అందాలి, తర్వాత విత్తనం సంగతి మాట్లాడాలి.

ఇంకొక మోసం పేర్లది. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. కట్టించిన విరుపణ్ణ పేరు అందరికీ తెలుసు. పైకప్పు మీద బొమ్మలు గీసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఆ బొమ్మల్లోని బట్టల అంచులే ధర్మవరం పట్టుచీరకు ఒరవడి అంటారు. ఆ అంచును లెక్కతప్పకుండా మగ్గం మీదికి దించిన నేతగాని పేరూ పుస్తకంలో లేదు. కాగితం మీద గీత గీయకుండా కాంచళి మీద అద్దాలు కొలత తప్పకుండా కుట్టే మన యాడి చేసేది లెక్క కాదా? కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమనను పండితులు చాలాకాలం కవుల వరుసలో కూర్చోనివ్వలేదు. జనం నోళ్లు ఆయన్ను నిలబెట్టాయి. 1829లో బ్రౌన్ ఆ పద్యాలు అచ్చువేయించాడు. గుత్తి దగ్గర పుట్టాడని మనం చెప్పుకునే సేవాలాల్ మహారాజ్ బోధలను మన పాటలు మోస్తున్నాయి. అది తత్వం కాదా?

తోటి ఉపాధ్యాయులారా, తప్పు మనలోనూ ఉంది. "తండా పిల్లలకు లెక్కలు ఎక్కవు" అన్న మాట స్టాఫ్‌రూమ్‌లో విని ఊరుకున్నాము. కొన్నిసార్లు మనమే అన్నాము. అది గాల్టన్ మాటే, మన నోటితో పలికాము.

ఇకనుంచి ఏ మేధావి పుస్తకం ఇచ్చినా పిల్లలచేత మూడు ప్రశ్నలు అడిగిద్దాం. ఈ మనిషికి మొదటి పుస్తకం ఎవరిచ్చారు? చదివే కాలంలో అన్నం ఎవరు పెట్టారు? ఈ పనిలో చేయివేసి పేరు దక్కనివాళ్లు ఎవరు? యువ మిత్రులారా, మీ తండాలో పాట కట్టే ముసలమ్మ, మందుచెట్లు ఎరిగిన తాత, నోటిలెక్క చేసే మేస్త్రీ ఎవరో పేరుతో సహా రాయండి. వాళ్లను దేవుళ్లను చేయొద్దు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎలా చేస్తారో రాయండి.

ఆ పిల్ల తర్వాతి ఏడు అమ్మానాన్నలతో బెంగళూరు పనులకు వెళ్లిపోయింది. తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో ఆమె పేరు మీద ఎర్రసిరాతో గీత గీసింది మేమే. ఒకప్పుడు పోలీసు హాజరు పట్టీలో మన పేరు తప్పకుండా ఉండాలన్నారు. ఇప్పుడు బడి హాజరు పట్టీలో మన పేరు నిలవడం లేదు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ ఉంది, రక్తంలో లేదు.