ధర కట్టని కంపెనీ, బడి మానిన బాలిక

సీడు పత్తి సంగతి గద్వాల, నంద్యాల ప్రాంతాల రైతులకు వేరే చెప్పనక్కరలేదు. సాయంత్రం ఆడ సాళ్లలో ప్రతి మొగ్గనూ గిల్లి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ సాళ్ల పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. క్రాసింగు అనే ఈ పని నెలల తరబడి రోజూ సాగాలి. దీనికి మనుషుల చేతులే కావాలి. ఆ చేతులు ఏళ్ల తరబడి పిల్లలవి, అందులోనూ ఎక్కువగా ఆడపిల్లలవి. తల్లిదండ్రులకు ముందే అప్పు ఇచ్చి, సీజనంతా పిల్లను పనిలో పెట్టుకునేవారు. పురుగు మందు కొట్టిన చేలోనే వారికి పొద్దు గడిచేది.

తప్పెవరిదంటే కంపెనీ రైతును చూపేది, రైతు ఆర్గనైజరును చూపేవాడు. కూలీలను పెట్టుకునేది రైతే, నిజమే. కానీ ఫౌండేషన్ సీడు ఇచ్చేది కంపెనీ. నాణ్యత లేదని సరుకు తిప్పి పంపేదీ, ప్యాకెట్టుకు ఇంత అని ధర కట్టేదీ కంపెనీయే. సాగు ఖర్చులో ఇంచుమించు సగం కూలికే పోయే పంట ఇది. ధర బిగించి పెడితే రైతు ఎక్కడ తగ్గించుకోవాలి? ఎరువుల కొట్లో బేరం సాగదు. మిగిలింది కూలి ఒక్కటే. పెద్దలను పెట్టవలసిన చోట పిల్లలను దింపుతాడు. పిల్లలు తక్కువకు వస్తే పెద్దల కూలి కూడా పెరగదు.

2003లో పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు నివేదిక ఈ సంగతిని విదేశాల దాకా తీసుకుపోయింది. బేయర్, మోన్‌శాంటో వంటి కంపెనీలు జవాబు చెప్పక తప్పలేదు. పిల్లలను పెట్టుకోని రైతుకు బేయర్ ధర మీద 5 శాతం బోనసు ప్రకటించింది. మాట వినని రైతుతో ఒప్పందం మానుకుంటామంది. చేలల్లో తనిఖీలు మొదలయ్యాయి. ఆ కంపెనీల చేలల్లో పిల్లలు తగ్గారు. ఎవరి కన్నూ పడని చిన్న కంపెనీల చేలల్లో మాత్రం ఆ మార్పు అంతగా రాలేదు.

బోనసు మంచిదే. కాని అది కంపెనీ దయ మీద ఆధారపడరాదు. బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్‌లో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది మరణించారు. అందులోని బట్టల ఫ్యాక్టరీలకు అంతకు ముందూ తనిఖీలు జరిగాయి. కొనే కంపెనీల కోసం చేసిన ఆ తనిఖీలు ఎవరినీ కాపాడలేదు. ఆ తర్వాత 200కు పైగా కంపెనీలు కార్మిక సంఘాలతో కలిసి చట్టబద్ధమైన ఒప్పందం మీద సంతకం పెట్టాయి. తనిఖీ నివేదికలు అందరికీ తెలిశాయి. మరమ్మతు చేయని ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆగాయి. మాట కాగితం మీదికి వచ్చాకనే పని జరిగింది.

జర్మనీలో 2023 జనవరి 1 నుంచి అమలైన చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమకు సరుకు ఇచ్చే చోట కార్మికుల హక్కులు చూడాలి, ఫిర్యాదు చేసే దారి ఉంచాలి. 2018లో మోన్‌శాంటోను కొన్న బేయర్ జర్మనీ కంపెనీయే. ఫిర్యాదు ఎక్కడ చేయాలో గ్రామానికి తెలియకపోతే ఆ చట్టం ఇక్కడ ఎవరికి ఉపయోగం?

అందుచేత విత్తనం వేయకముందే కంపెనీ, సీడు రైతులు, కూలీలు ఒకచోట కూర్చోవాలి. పెద్దలకు కనీస కూలి లెక్కగట్టి ప్యాకెట్టు ధర నిర్ణయించాలి. ఆ ధర, బోనసు, ఫిర్యాదు చేసే ఫోను నంబరు తెలుగులో రాసి గ్రామ పంచాయతీ గోడ మీద పెట్టాలి. చిన్న కంపెనీలకూ ఇదే నియమం ఉండేలా కార్మిక శాఖ చూడాలి. 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదని 2016లో సవరించిన చట్టం చెబుతూనే ఉంది. రైతు మీద కేసు పెట్టడం సులువు. ఆ రైతుకు ధర కట్టిన వారినీ అధికారులు అడగాలి.