పిల్లిని పంపించేస్తే ఫ్లీలు పోతాయా?

ఇంట్లో అనుమానంగా ఉంటే ఒక పని చేయండి. మోకాళ్ల దాకా తెల్ల సాక్సులు వేసుకుని, మీ పిల్లి ఎక్కువగా పడుకునే చోట ఐదు నిమిషాలు అటూ ఇటూ నడవండి. నువ్వుగింజ కన్నా చిన్నగా, ముదురు గోధుమరంగులో ఓ చుక్క సాక్సు మీద కనిపించి, మీరు వేలు పెట్టేలోపు మాయమైందా? కంగ్రాట్స్, ఇంట్లో ఫ్లీలు ఉన్నాయి.

వీటికి తెలుగులో మిన్నల్లి అని పేరు ఉంది, కానీ మా తరంలో ఆ మాట వాడేవాళ్లు నాకు తగల్లేదు. పేలు అంటారు, గోమార్లు అంటారు, నల్లులు అంటారు. అన్నీ వేరు వేరు పురుగులు. పేను వెంట్రుకలు పట్టుకుని వేలాడుతుంది. గోమారి చర్మానికి అతుక్కుని ఉబ్బుతుంది. నల్లి మంచం సందుల్లో ఉంటుంది. ఫ్లీ ఎగిరి దూకుతుంది, రెక్కలు ఉండవు, పక్కల నుంచి నొక్కేసినట్టు పల్చగా ఉంటుంది కాబట్టి బొచ్చులో దూసుకుపోతుంది. పేరు తప్పు చెబితే షాపువాడు మందు కూడా తప్పుదే ఇస్తాడు.

ఇంకో టెస్టు కూడా ఉంది. దువ్వినప్పుడు పిల్లి ఒంటి మీంచి మిరియాల పొడిలా నల్లగా రాలుతుంది చూడండి, దాన్ని తడి టిష్యూ మీద వేసి కాసేపు ఆగండి. చుట్టూ ఎర్రగా మరక వస్తే అది మట్టి కాదు, ఫ్లీ రెట్ట. అంటే మీ పిల్లి రక్తమే, ఒకసారి అరిగింది.

"మా పిల్లి గడప కూడా దాటదండీ" అంటారు అందరూ. దాటక్కర్లేదు. అపార్ట్‌మెంట్ మెట్ల మీద పడుకునే ఊరపిల్లి చాలు, మీ ప్యాంటు అంచు చాలు. ఒక్కోసారి మీకన్నా ముందు అద్దెకున్నవాళ్లు వదిలి వెళ్లిన గూళ్లు కూడా చాలు.

ఇప్పుడు అసలు విషయం. పిల్లి మీద కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తం సంఖ్యలో దాదాపు 5 శాతమే అని లెక్క. మిగతా 95 శాతం గుడ్లు, లార్వాలు, ప్యూపాలు. అవి పిల్లి మీద ఉండవు, మీ ఇంట్లో ఉంటాయి. ఆడ ఫ్లీ జోరు మీద ఉంటే రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. అవి అతుక్కోవు, సన్న ఉప్పులా జారిపోతాయి. పిల్లి సోఫా మీంచి దూకిన ప్రతిసారీ కొన్ని రాలతాయి. గుడ్డులోంచి వచ్చిన లార్వాకు వెలుగు పడదు, సోఫా కిందకో, డోర్‌మ్యాట్ అడుగుకో, పరుపు కుట్లలోకో పాకుతుంది. పైనుంచి రాలే ఆ ఎండు రక్తం రెట్టనే తిని పెరుగుతుంది. తర్వాత జిగురు గూడు అల్లుకుంటుంది. దుమ్ము అంటుకుని ఆ గూడు దుమ్ములాగే కనిపిస్తుంది. మనం కొట్టే స్ప్రేలు దాని లోపలికి సరిగ్గా చేరవు.

ఈ గూట్లో ఉన్నదే అసలు విలన్. బయటికి వచ్చే తొందర దానికి లేదు. నేల అదరాలి, ఒంటి వేడి తగలాలి, ఎవరో వదిలిన ఊపిరి తగలాలి. అప్పటిదాకా నెలల తరబడి కూర్చోగలదు. సంక్రాంతికి పిల్లుల్ని బుట్టలో వేసుకుని ఊరెళ్లి, పది రోజుల తర్వాత వచ్చి తలుపు తీయగానే కాళ్ల మీదకి గుంపుగా ఎగబడ్డాయని చెప్పేవాళ్లు ఉన్నారు చూశారా, అది అబద్ధం కాదు. అవి అడుగుల చప్పుడు కోసమే కాచుకుని ఉన్నాయి.

మా ఫ్లాట్‌లో ముగ్గురం, రెండు పిల్లులు. పెసర, ఉప్మా. వానాకాలంలో మొదలైంది. చీలమండల చుట్టూ వరసగా దద్దుర్లు. వారంలో మా ఫ్లాట్‌మేట్ తేల్చి చెప్పేశాడు: "మామా, పిల్లులో నేనో, ఎవరో ఒకరే ఉండాలిక్కడ." ఓనర్ ఆంటీకి ఎలా తెలిసిందో తెలిసింది. అమ్మ ఫోన్లో, "నాన్నా, నా మాట విని వాటిని ఎక్కడైనా వదిలెయ్. అప్పట్లో సూరత్‌లో ప్లేగు వచ్చింది వీటివల్లే కదా" అంది.

అమ్మ భయానికి ఆధారం లేకపోలేదు. 1994లో సూరత్ వార్తలు వాళ్ల తరానికి బాగా గుర్తు. ఎలుకల నుంచి మనుషులకు ప్లేగును మోసేది ఫ్లీ అని సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు 1898లో కరాచీలోనే కనిపెట్టాడు. కానీ ఆ పనిలో పేరుమోసింది ఎలుక ఫ్లీ. మన పిల్లుల మీద తిరిగేది వేరే జాతి. దీనితో మనకు ఎక్కువగా వచ్చేది దురద. పిల్లికి మాత్రం ఇంకాస్త ఎక్కువే ఇబ్బంది. ఒళ్లు నాక్కుంటూ ఫ్లీని మింగితే టేప్‌వార్మ్ వస్తుంది, తోక కింద బియ్యం గింజల్లాంటివి కనిపిస్తాయి. చిన్న పిల్లి కూనలకైతే రక్తం తగ్గిపోయి ప్రాణం మీదకే వస్తుంది.

అయితే పిల్లుల్ని పంపించేస్తే సమస్య తీరుతుందా? ఇక్కడే అందరి లెక్కా తప్పుతుంది. పిల్లులు పోతాయి, గూళ్లు పోవు. రోజూ కొన్ని ఫ్లీలు బయటికి వస్తూనే ఉంటాయి. వాటికి ఇష్టమైన బొచ్చు దొరకదు. దొరికేది మన కాళ్లే. కుట్టడం తగ్గకపోగా కొన్నాళ్లు పెరుగుతుంది. అదే మందు వేసిన పిల్లి ఇంట్లో తిరుగుతుంటే, గూట్లోంచి వచ్చిన ఫ్లీ దాని మీదకే దూకుతుంది, గుడ్లు పెట్టేలోపు చస్తుంది. అంటే పిల్లే మన ఉచ్చు. దాన్ని బయట పారేయడమంటే ఎలుకల బోను పారేసి ఎలుకల్ని ఉంచుకోవడమే. మా ఫ్లాట్‌మేట్‌కి ఇది వైట్‌బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాల్సి వచ్చింది. మూడు నెలల గడువు ఇచ్చాడు.

మందు అన్నాను కదా, దయచేసి ఇక్కడ స్క్రోల్ చేసేయకండి. పెట్ షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు కుక్కల డ్రాప్స్ తీసి, "సగం వేయండన్నా, పిల్లి చిన్నది కదా" అన్నాడు. డబ్బా వెనక పెర్మెత్రిన్ అని ఉంది. నేను తీసుకోలేదు. కుక్క ఒళ్లు పెర్మెత్రిన్‌ని విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ పని సరిగ్గా చేతకాదు. సగం, పావు అనే లెక్క లేదు. కొన్ని గంటల్లో చొంగ, వణుకు, ఫిట్స్ వస్తాయి, చచ్చిపోతాయి కూడా. ఎవరైనా ఇప్పటికే వేసేసి ఉంటే గోరువెచ్చటి నీళ్లూ గిన్నెలు తోమే లిక్విడూ పెట్టి కడిగి, ఆ ప్యాకెట్ చేత్తో పట్టుకుని వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి.

ఇంటి చిట్కాలూ అంతే. కర్పూరం, కలరా ఉండలు, కిరోసిన్, ఫినాయిల్, టీ ట్రీ ఆయిల్, అన్నంలో వెల్లుల్లి, ఏదీ వద్దు. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కునే జీవి. పైన ఏది పూసినా లోపలికి పోతుంది.

డాక్టర్ దగ్గర పెద్ద హడావుడి లేదు. బరువు తూచి, పిల్లులకే చేసిన డ్రాప్స్ ఇస్తారు. సెలామెక్టిన్, ఫిప్రోనిల్ లాంటివి. మెడ వెనక, నాలుక అందని చోట వేయాలి. నెలకోసారి, ఇంట్లో ఉన్న పిల్లులన్నిటికీ, ఒకే రోజు. ఉప్మాకి దురద లేదు కదా అని వదిలేస్తే ఫ్లీలకు ఉప్మాయే హాస్టల్. మరీ చిన్న కూనలకు చాలా మందులు పనికిరావు, సన్నపళ్ల దువ్వెనా సబ్బునీళ్ల గిన్నే దిక్కు.

ఇంటి పని మాత్రం బోరింగ్. వ్యాక్యూమ్ ఉంటే సోఫా మడతలు, మంచం కింద, గోడ వార రోజు విడిచి రోజు. ఆ దుమ్ము కవర్లో కట్టి వెంటనే బయట చెత్తబుట్టలో వేయాలి. చీపురు గుడ్లని మూలకి నెట్టేస్తుంది, కాబట్టి మనకి తడిగుడ్డ మేలు. దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో. డోర్‌మ్యాట్లు, పిల్లి పరుపులు డాబా మీద ఎండలో. లార్వాకి ఎండన్నా పొడిగాలన్నా చావే. హైదరాబాద్ మే నెలలో ఇవి తగ్గి వానలకు పెరిగేది అందుకే. వైజాగ్‌లో ఉండే ఫ్రెండ్‌కి ఆ సౌకర్యం లేదు, అక్కడి గాలిలో ఎప్పుడూ తేమే.

పెస్ట్ కంట్రోల్‌వాళ్లని పిలిస్తే బొద్దింకల జెల్ దీనికి పనిచేయదని ముందే చెప్పండి. లార్వాని పెద్దది కాకుండా ఆపే మందు, పైరిప్రాక్సిఫెన్ లాంటిది, ఉందా అని అడగండి. పూర్తిగా ఆరేదాకా పిల్లులు బయటే. అక్వేరియం ఉంటే మూత వేసి ఎయిర్ పంప్ ఆపాలి.

ప్రతి ఆదివారం రెండు పిల్లుల్నీ దువ్వి, దొరికినవి లెక్కపెట్టి షీట్‌లో రాశాను. మొదటి వారం 23. రెండో వారం 31. చాలామంది మందు పనిచేయలేదని వదిలేసేది సరిగ్గా ఇక్కడే. కానీ అవి పాత గూళ్లలోంచి కొత్తగా వచ్చినవి. నాలుగో వారం 12, ఏడో వారం 3, పన్నెండో వారం సున్నా. మా ఫ్లాట్‌మేట్ ఇంకా ఇక్కడే ఉన్నాడు, పెసర వాడి ల్యాప్‌టాప్ మీదే పడుకుంటోంది.

పద్నాలుగో వారం దువ్వెనకి మళ్లీ ఒకటి తగిలింది. రెండో అంతస్తు మెట్ల మీద ఉండే ఊరపిల్లి కొత్తగా మా గుమ్మం దాకా వస్తోంది. రోజూ దానికి పాలన్నం పెట్టేది వాచ్‌మన్ అన్న. ఆయన ఒడిలో తప్ప ఎవరి దగ్గరా కదలకుండా ఉండదు కాబట్టి, ఈ ఆదివారం ఆయన పట్టుకుంటే నేను డ్రాప్స్ వేయాలి.