చేతి హునర్, కంప్యూటర్ జమానా

డోరేమాన్, షిన్‌చాన్ తెలియని పిల్లలు మా శ్రీరాంపూర్‌లో దొరకడం కష్టం. జపాన్ బొమ్మల సినిమాలు మన ఇండ్లల్లో రోజూ నడుస్తూనే ఉంటాయి. వాటిని ఎవరు గీస్తారు, ఎట్ల గీస్తారు అన్న బహెస్ మాత్రం మన దగ్గర ఎప్పుడూ జరగలేదు. 2025 రంజాన్ ఆఖరి అష్రాలో అది మన ఫోన్లలోకే వచ్చింది. ఫ్యామిలీ ఫోటో వేస్తే ఏఐ దాన్ని జిబ్లీ తస్వీరుగా మార్చి ఇవ్వడం మొదలైంది. ఆ ఈద్‌కు నాకు వచ్చిన ముబారక్‌లలో సగం ఆ బొమ్మలే. ముద్దుగానే ఉన్నాయి. కానీ జిబ్లీ అంటే ఫోన్‌లో ఒక ఫిల్టర్ అనుకున్నవాళ్లు చాలామంది. అది 1985లో టోక్యోలో పెట్టిన స్టూడియో అనీ, మియాజాకి, తకహాతా వంటి ఉస్తాదులు అక్కడ ఏళ్లకేళ్లు పెన్సిల్ పట్టారనీ వాళ్లకు తెలియదు.

చేత్తో గీసిన బొమ్మ గొప్పదా, కంప్యూటర్ బొమ్మ గొప్పదా అని ఎవరైనా అడిగితే నేను తొందరపడి జవాబు చెప్పను. మాది సింగరేణి ఊరు. బాయిల్లో తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తరానికి నడుములు ఏమయ్యాయో, ఊపిరి ఏమైందో ఈ కాలనీల్లో అందరికీ తెలుసు. మిషన్లు దిగినప్పుడు నౌకరీల గురించి ఫికర్ పడ్డారు గాని, తట్ట పోయిందని ఎవరూ ఏడ్వలేదు. చేత్తో చేసిందంతా పాక్, మిషన్ చేసిందంతా నాపాక్ అనడం నాకు ఇన్సాఫ్ అనిపించదు.

అయితే తట్ట మోసే చేతికీ బొమ్మ గీసే చేతికీ ఫరక్ ఉంది. తట్ట మోసే చేయి బరువు మాత్రమే మోస్తుంది. బొమ్మ గీసే చేయి ముందు కండ్లతో చూసి నేర్చుకుంటుంది. పసిపిల్ల చెప్పు తొడుక్కుని బొటనవేలు నేలకు తట్టి సర్దుకునే తీరు గీయాలంటే, ఎవరో ఒకరు అట్లాంటి పిల్లను ఓపికగా చూసి ఉండాలి. ఆ చూపు ఉంటే కంప్యూటర్ వచ్చినా నష్టం లేదు.

దీనికి జిబ్లీ సినిమాలే గవాహి. 1999లో వచ్చిన 'మై నైబర్స్ ది యమడాస్' ఆ స్టూడియోలో పూర్తిగా కంప్యూటర్‌లో రంగులద్దిన మొదటి సినిమా. చూస్తే కాగితం మీద నీళ్ల రంగులతో వేసినట్టే ఉంటుంది. 2001 నాటి 'స్పిరిటెడ్ అవే'లో పాత్రలను కాగితం మీద గీసి, స్కాన్ చేసి, కంప్యూటర్‌లో రంగు వేశారు. 2008లో 'పోన్యో' దగ్గరికి వచ్చేసరికి మియాజాకి మళ్లీ పెన్సిల్‌కే జోరు ఇచ్చాడు. ఆ సినిమాకు దాదాపు 1 లక్షా 70 వేల బొమ్మలు గీశారు. 2020లో ఆయన కొడుకు గోరో అదే స్టూడియోలో 'ఇయర్‌విగ్ అండ్ ది విచ్'ను మొత్తం త్రీడీలో తీస్తే అభిమానులకే రుచించలేదు. అట్లని త్రీడీ అంటేనే ఖరాబ్ అనలేం. 2014 నాటి 'స్టాండ్ బై మీ డోరేమాన్' కూడా త్రీడీదే, దాన్ని చూసి పెద్దవాళ్లు కూడా కండ్లు తుడుచుకున్నారు.

మన తెలుగు థియేటర్లకూ ఇట్లాంటి సినిమా ఒకటి వచ్చింది. యూగో సాకో అనే జపాన్ ఆయన, మన రామ్ మోహన్ కలిసి చేసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ'. 1992లో చేత్తో గీసిన ఆ సినిమాను 2025 జనవరిలో కంప్యూటర్‌తో శుభ్రం చేసి, తెలుగులో కూడా విడుదల చేశారు. ఆనాటి మెహనత్‌ను ఈనాటి పిల్లలకు చేర్చింది కంప్యూటరే.

ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని కాబట్టి నాకు ఇది కితాబత్ కథలా కనిపిస్తుంది. ఒకప్పుడు ఉర్దూ అఖ్బారంతా కాతిబ్‌లే కలంతో రాసేవాళ్లు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలిఖ్ తెచ్చాక ఆ పని కంప్యూటర్‌కు పోయింది. అయితే ఆ ఖత్ కంప్యూటర్‌కు దానంతట అదే రాలేదు. కలిపి రాసే అక్షర రూపాలు దాదాపు 20 వేలు జమీల్ సాబ్ చేత్తోనే తయారు చేశాడు. ఈరోజు మనం టైపు చేసే ప్రతి నస్తాలిఖ్ మాటలో ఒక ఖుష్‌నవీస్ చేయి ఉంది. కంప్యూటర్ హునర్‌ను దాచి పెట్టగలదు, పంచగలదు. కానీ ఎంతోమంది కాతిబ్‌ల రోజీ పోయిందన్నది కూడా అంతే నిజం. 

ఏఐ తస్వీరులతో నా షికాయత్ అక్కడే. దశాబ్దాల మెహనత్‌తో పుట్టిన తీరును, గీసినవాళ్ల పేరు కూడా తెలియకుండా అరనిమిషంలో వాడేసుకుంటున్నాం. 2016లో ఒక డాక్యుమెంటరీలో, కంప్యూటర్ తనంతట తాను నేర్చి కదిలించిన ఒక వికారపు ఆకారాన్ని మియాజాకికి చూపించారు. ఆయన వికలాంగుడైన తన దోస్త్‌ను తలుచుకుని, ఇది ప్రాణానికే అవమానమని మండిపడ్డాడు. నొప్పి అంటే ఏమిటో తెలియకుండా చేసిన బొమ్మ అన్నది ఆయన బాధ.

ఇది మనకెందుకు అంటారా? హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ స్టూడియో 2008లో ఛోటా భీమ్‌ను తెచ్చాక, యానిమేషన్ కూడా ఒక రోజ్‌గార్ అని మన ఇండ్లల్లోనూ నమ్మకం కుదిరింది. ఇంటర్ అయిపోగానే పిల్లలు ఆ కోర్సు అడుగుతున్నారు. అబ్బాలు అప్పు చేసి ఫీజు కడుతున్నారు. కట్టే ముందు ఒక్క సవాల్ అడగండి: ఇక్కడ వారానికి ఎన్ని గంటలు కాగితం మీద బొమ్మలు వేయిస్తారు? సాఫ్ట్‌వేర్ పేర్లే చెప్పి ఈ మాటకు జవాబు దాటేస్తే అక్కడి నుంచి లేచి రండి. సాఫ్ట్‌వేర్లు మారుతూనే ఉంటాయి. బటన్ నొక్కే పనిని రేపు ఏఐ చేసేస్తుంది. చూసి గీసే అలవాటు ఉన్న పిల్లకు ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా నేర్చుకోవడానికి కొన్ని నెలలు చాలు.

బిడ్డ నోటుబుక్ వెనక పేజీల్లో పిల్లి బొమ్మ వేస్తే వక్త్ బర్బాద్ అని కసరకండి. ఇరవై రూపాయల డ్రాయింగ్ బుక్ కొనివ్వండి. ఫోన్‌లో బొమ్మ చూసి కాదు, వాకిట్లో పిల్లిని చూసి గీయమనండి.