చెక్క బ్యాటంటే అంత చులకనా?

పికిల్‌బాల్ ఆడే పిల్లల తల్లులకి ఈమధ్య కొత్త చదువొకటి మొదలైంది. కార్బన్ ఫైబరు ముఖం, 16 మిల్లీమీటర్ల హనీకూంబ్ కోరు, స్పిన్ను, స్వీట్ స్పాటు... లిఫ్టులో కలిసినా ఇవే మాటలు. పెళ్లికి బంగారం కొనేటప్పుడు కూడా ఇంత పరిశోధన చేసినవాళ్లని నేను చూళ్లేదు. చేసుకోనివ్వండి, ఎవరి డబ్బు వాళ్లది. కానీ పోయిన నెల మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక కబురు పెట్టారు. సాయంత్రం ఆటకి పిల్లలు కంపెనీ ప్యాడిల్స్‌తోనే రావాలట, ఇంట్లో కోసిన చెక్కలు తేకూడదట, వాటివల్ల "స్టాండర్డ్ పడిపోతోంది"ట. ఆ చెక్కలు కోయించింది నేనే. అందుకే ఈ పోస్టు.

(దాన్ని బ్యాటు అనకూడదు, ప్యాడిల్ అనాలి అని మా అబ్బాయి దిద్దుతూ ఉంటాడు. మా ఇంట్లో బ్యాటే. ఇక్కడా బ్యాటే.)

ముందు ఆ కబురు వల్ల ఎవరు ఆగిపోయారో చెప్తాను. మా పిల్లలిద్దరూ ఆగరు. వాళ్ల నాన్నని ఒక్కమాట అడిగితే చాలు, ఆదివారానికల్లా కొత్తవి వచ్చేస్తాయి. ఆగిపోయింది మా వాచ్‌మన్ గారమ్మాయి, గేటు పక్కన ఇస్త్రీ చేసే ఆవిడ కొడుకులిద్దరూ. రెండు నెలలుగా ఆ ముగ్గురూ మా పిల్లలతో సమానంగా ఆడుతున్నారు. ఆ అమ్మాయి బ్యాక్‌హ్యాండ్ కొడితే పెద్దవాళ్లే వెనక్కి తగ్గుతారు. వాళ్లని రానివ్వద్దని ఎవరూ రాయలేదు. రాయక్కర్లేదు కూడా. వేలు పెట్టి బ్యాటు కొనాలి అంటే చాలు, మిగతా పని దానంతటదే అయిపోతుంది.

ఇక "స్టాండర్డ్" సంగతి. ఈ ఆట పుట్టిందే ఇంట్లో కోసిన చెక్కతో. 1965లో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, వేసవి సెలవుల్లో పిల్లలు విసుగెత్తి ఇల్లు పీకుతుంటే జోయెల్ ప్రిచర్డ్, ఆయన స్నేహితుడు బిల్ బెల్ కలిసి మొదలుపెట్టిన ఆట ఇది. పెరట్లో బ్యాడ్మింటన్ కోర్టుంది, ఆడటానికి సరైన సామాను లేదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి తీసుకున్నారు. 60 అంగుళాల నెట్టుని 36కి దించారు. ఆ చిన్న బ్యాట్లు చాలకపోతే వాళ్ల మిత్రుడు బార్నీ మెక్‌కల్లమ్ ప్లైవుడ్డుతో పెద్దవి కోసిచ్చాడు. ఇప్పుడు అందరూ మురిసిపోయే హనీకూంబ్ బ్యాటు 1984లో గానీ రాలేదు. బోయింగ్‌లో ఇంజనీరుగా ఉన్న ఆర్లెన్ పరాంటో విమానాల నేలకి వాడే పలకలతో దాన్ని చేశాడు. ఆయన కూడా చేతికి దొరికిన సామానుతోనే చేశాడు, గమనించండి. అప్పటిదాకా దాదాపు ఇరవయ్యేళ్లు ఈ ఆట చెక్క మీదే బతికింది. కొబ్బరి మట్టతో క్రికెట్ ఆడి పెరిగినవాళ్లం, మనకి ఇది ఒకరు చెప్పాలా?

కోర్టు కూడా మాకు కొత్తగా కట్టక్కర్లేకపోయింది. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. పికిల్‌బాల్‌కీ సరిగ్గా అంతే. నెట్టు మధ్యలో 34 అంగుళాలకి దించి, దానికి రెండువైపులా 7 అడుగుల దూరంలో సుద్దగీత గీశాం. ఆ గీత లోపలి జాగాని "కిచెన్" అంటారు. అక్కడ నిలబడి బంతిని గాల్లో ఉండగా కొట్టకూడదు. వంటింట్లో నిలబడ్డవాళ్లకి ఆంక్షలు ఆటలో కూడా తప్పలేదన్నమాట!

ఇప్పుడు చెక్క విషయానికొస్తాను. చెక్క బ్యాటు బాగుండదు అనేవాళ్లలో చాలామంది పట్టుకుని చూసింది తప్పు చెక్కతో చేసినదాన్ని. ఇంటర్నెట్టులో చూసి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు కోసేస్తారు. అది 400 గ్రాములు దాటుతుంది. షాపు బ్యాటు 210 నుంచి 240 గ్రాములుంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకి 400 గ్రాముల చెక్క ఇచ్చి ఆడమంటే చెయ్యి పడిపోక ఏమవుతుంది? 9 మిల్లీమీటర్లది కూడా పిడితో కలిపి 350కి దగ్గరవుతుంది. నేను 6 మిల్లీమీటర్లది తీసుకుని, పిడి దగ్గర మాత్రం రెండువైపులా చెక్క రెక్కలు ఫెవికాల్‌తో అతికించి, రాత్రంతా క్లాంపులు బిగించి ఉంచాను. గ్రిప్పు చుట్టాక మా వంటింటి త్రాసులో 260, 270 మధ్య తూగింది. ఆ రెక్కల్ని పిడి దగ్గరే ఆపకుండా ఒక అంగుళం బ్యాటు ముఖం మీదికి ఎక్కించాలి. బ్యాటు విరిగేది ఎప్పుడూ మెడ దగ్గరే. పై పొర నార బ్యాటు పొడవునా ఉండేట్టు కోయించాలి, అడ్డంగా కోస్తే మెడ బలం సగం పోతుంది.

టేకు చెక్క మంచిది కదా అని మా అత్తగారన్నారు. తలుపుకి మంచిదే. బ్యాటుకి కాదు. ఒంటి చెక్క నార వెంబడి చీలుతుంది. ప్లైవుడ్డులో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి చీలిక సాగదు. ఎం.డి.ఎఫ్. వద్దేవద్దు, అదే మందంలో ప్లైవుడ్డు కన్నా బరువు, తడి తగిలితే అప్పడంలా ఉబ్బుతుంది. అక్రిలిక్ షీటు పగిలితే ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి, దాని జోలికే పోకండి. ప్లైవుడ్డులో కూడా అంచు చూసి కొనండి. పొరల మధ్య సందులుంటే వేళ్లతో తడితే బోలుగా మోగుతుంది, అలాంటిది నెల తిరక్కుండా విరుగుతుంది.

కోతపని మా వడ్రంగి బాబాయిదే. రంపం పిల్లల చేతికి ఇవ్వలేదు. గరుకు కాగితంతో రుద్దింది మాత్రం ఆరుగురు పిల్లలూ. ముందు 80 నంబరు, తర్వాత 120, చివర 220. ముక్కులకి గుడ్డలు కట్టించి, ఆరుబయటే రుద్దించాను, ఆ జిగురు కలిసిన పొట్టు మంచిది కాదు. అంచులు గుండ్రంగా వచ్చేదాకా వదల్లేదు. రెండు పూతలు వార్నిష్, అంచుకి కరెంటు టేపు, పిడికి బ్యాడ్మింటన్ గ్రిప్పు, మణికట్టుకి లంగాల నాడా. చివర్లో ఎవరి బ్యాటు మీద వాళ్లు పేరు రాసుకున్నారు. ఇస్త్రీ ఆవిడ చిన్నకొడుకు తన పేరుని నాలుగు రంగుల్లో రాసుకున్నాడు.

చెక్కలో లోపం లేదని నేననను. బంతి బాగా తగిలే చోటు చిన్నది. టక్కుమని మోత ఎక్కువ, రాత్రి తొమ్మిది తర్వాత ఆడితే మొదటి అంతస్తువాళ్లు తిడతారు, తిట్టాలి కూడా. మోచెయ్యి నొప్పున్న పెద్దవాళ్లు, వారానికి ఐదు రోజులు గట్టిగా ఆడేవాళ్లు తేలికది కొనుక్కోవడమే మేలు. గుర్తింపున్న టోర్నమెంట్లకి ఆమోదించిన జాబితాలోని బ్యాటే ఉండాలి, అది అక్కడి నియమం. మా సాయంత్రం ఆట టోర్నమెంటా? హోంవర్కుకీ అన్నానికీ మధ్య దొరికిన గంట అది.

కొలతల నియమమే కావాలంటే ఆటకి అసలు నియమం ఉండనే ఉంది. పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలు దాటకూడదు, పొడవు 17 దాటకూడదు. మావి 16 పొడవు, 8 వెడల్పు. లెక్కకి సరిగ్గా సరిపోయాయి.

ఖర్చు లేనివాళ్ల గురించే ఇదంతా అనుకోకండి. పిల్లలకి ఏది కావాలన్నా కొనిపెట్టడమే ప్రేమ అనుకునే ఇళ్లలో, వస్తువు విరిగితే దాని కడుపులో ఏముందో చూడాలన్న ఆసక్తి కూడా పిల్లలకి రాదు. మా అమ్మాయి బ్యాటు అంచు ఊడితే తనే జిగురు పెట్టుకుంది. అంతకు ముందు వారం తెగిన చెప్పుకి కొత్తజత అడిగిన పిల్లే అది.

కమిటీకి ఉత్తరం ఇచ్చాను. అంచులు గుండ్రంగా ఉండాలి, మేకులు ఉండకూడదు, మణికట్టుకి తాడు తప్పనిసరి, 300 గ్రాములు దాటకూడదు అని నియమం పెట్టండి, ఏ బ్యాటుకైనా అదే వర్తింపజేయండి, దేనితో చేశారో ఎక్కడ కొన్నారో మాత్రం అడక్కండి అని రాశాను. 8 అడుగులకి 4 అడుగుల షీటులో లెక్కకి 36 బ్యాట్లు పడతాయి, రంపం కోతకి పోయినా ముప్పై గ్యారంటీ. పైన 402 వాళ్లింట్లో అల్మరాల పని అయిపోయి 6 మిల్లీమీటర్ల ముక్కలు చాలా మిగిలాయి, ఆవిడ ఊరికే ఇస్తానంది. శనివారం పొద్దున వడ్రంగి బాబాయి వస్తున్నాడు. పిడి సన్నగా కావాల్సిన చిన్నపిల్లలుంటే శుక్రవారంలోగా చెప్పండి, రెక్కలు పల్చగా చెక్కిస్తాను.