మెరిసినంత మాత్రాన మన్నుతుందా?

పీయూసీ ఫలితాలు వచ్చి, డిగ్రీ, ఇంజినీరింగ్ సీట్లు ఖాయమయ్యే రోజుల్లో సిరుగుప్పలో చాలా ఇళ్లల్లో ఒకటే లెక్క నడుస్తుంది. పిల్లలకు లాప్‌టాప్ కొనాలి, ఏది కొనాలి? చేతిలో వడ్ల డబ్బు ఉంటే బళ్లారికో, ఆదోనికో బస్సెక్కుతారు. 1953 అక్టోబర్ 1న ఆదోని ఆంధ్రకూ, సిరుగుప్ప మైసూరుకూ పోయాయి గానీ, బేరసారాలకు ఆ గీత ఎప్పుడూ అడ్డు కాలేదు. దుకాణంలో రెండు యంత్రాలు పక్కపక్కన పెడతారు. ఒకటి నల్ల ప్లాస్టిక్‌ది, ఇంకొకటి వెండి రంగు అల్యూమినియంది. ప్రాసెసర్ ఒకటే, ర్యామ్ ఒకటే, ధరలో మాత్రం కొన్ని వేల తేడా. ఏసీ గదిలో చల్లగా తగిలే లోహం మీద చెయ్యి వేశాక పక్కనున్న ప్లాస్టిక్‌ది నాసిరకంలా కనిపించడం సహజమే. పైగా సండూరు గనులు, తోరణగల్లు ఉక్కు కర్మాగారం ఉన్న జిల్లా ఇది. లోహమంటే గట్టిదని ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నేను మాత్రం ఆ నమ్మకానికి ఎదురు చెబుతాను. ఈ ఎండలో, ఈ దుమ్ములో, ఈ కరెంటుతో నాలుగేళ్ల చదువు గట్టెక్కాలంటే, హింజ్ గట్టిగా ఉండి అడుగు మూత సులువుగా ఊడే ప్లాస్టిక్ లాప్‌టాప్ కొని, మిగిలిన డబ్బును ర్యామ్ మీద, వారంటీ మీద పెట్టడమే తెలివైన పని.

అల్యూమినియం బిగువును ఎవరూ కాదనరు. వంచితే ఎంతవరకు వంగకుండా నిలుస్తుందో చెప్పే లెక్కలో అల్యూమినియం 70 గిగాపాస్కల్స్ దగ్గర ఉంటుంది. లాప్‌టాప్‌లలో వాడే పాలీకార్బొనేట్ రెండున్నర దగ్గరే ఆగిపోతుంది. బరువులో మాత్రం ప్లాస్టిక్‌ది పైచెయ్యి. అదే పరిమాణానికి అది అల్యూమినియంలో సగం కూడా తూగదు. కానీ వంగకపోవడం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. బల్ల మీద నుంచి మూల తగిలేలా పడితే ప్లాస్టిక్ కాస్త వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, దెబ్బ మరీ పెద్దదైతే పగులుతుంది. అల్యూమినియం సొట్టపడుతుంది, ఆ సొట్ట అలాగే ఉండిపోతుంది. సొట్టపడ్డ సత్తు గిన్నెలో అన్నం ఉడుకుతుంది. సొట్టపడ్డ లాప్‌టాప్ మూల మాత్రం తెర అంచును నొక్కుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ అంతా ఒకే రకం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మొండి యంత్రాలుగా పేరుపడ్డ థింక్‌ప్యాడ్‌లలో చాలా మోడళ్ల ఒళ్లు గాజు పీచు, కార్బన్ పీచు కలిపిన ప్లాస్టిక్‌తో చేసినదే. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నలిగినవి ఇవాళ సికింద్రాబాద్ సీటీసీలోనూ, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనూ సెకండ్ హ్యాండ్‌లో అమ్ముడుపోతున్నాయి.

మరి ప్లాస్టిక్ లాప్‌టాప్ రెండేళ్లకే విరిగిందన్న మాట ఊరూరా ఎందుకు వినిపిస్తుంది? ఆ ఫిర్యాదు నిజమే. దాని మూలం తెలియాలంటే రిపేరు బల్ల మీద వెల్లకిలా విప్పి పడేసిన యంత్రాన్ని ఒకసారి చూడాలి. మూతను, అడుగును కలిపే హింజ్ ఉక్కుది. దాని పాదాన్ని రెండు మూడు చిన్న స్క్రూలతో ఇత్తడి నట్లకు బిగిస్తారు. ఆ నట్లు వేడి చేసి ప్లాస్టిక్ స్తంభాల్లోకి దించినవి. వాటికి ఆధారం చుట్టూ ఉన్న పలుచటి ప్లాస్టిక్ గోడే. మూతను రోజూ ఒక మూల పట్టుకుని లేపితే బలమంతా ఒకవైపు హింజ్ మీదే పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి గ్రీజు ఎండి హింజ్ బిగుసుకుపోతుంది. అప్పుడు మూత తెరిచిన ప్రతిసారీ ఉక్కు తిరగదు, ఇత్తడి నట్టును ప్లాస్టిక్‌లోంచి లాగుతుంది. ఒకరోజు టిక్కుమని మూల విచ్చుకుంటుంది. మెకానిక్ ఆరల్‌డైట్ పోసి అతికిస్తాడు, అది కొన్నాళ్లు నిలుస్తుంది. ఇక్కడ తప్పు హింజ్‌ను దేనికి బిగించారన్న దాంట్లో ఉంది. హింజ్ పాదాన్ని లోపలి లోహపు చట్రానికి బిగించిన ప్లాస్టిక్ మోడళ్లకు ఈ జబ్బు అరుదు. ఇక మెటల్ బాడీ అని అమ్మే మధ్యరకం మోడళ్లలో చాలావాటికి లోహం పై మూతకే పరిమితం. అడుగు ప్లాస్టిక్, అందులో అవే ఇత్తడి నట్లు. కొన్నింటికి ఆ లోహం కూడా ఉండదు, వెండి రంగు పూతే. పైన పటారం, లోన లొటారం అన్నది ఇలాంటి సరుకును చూసే పుట్టి ఉంటుంది.

కరెంటు సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. పూర్తి లోహపు లాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టి అరచేయి ఆనిస్తే కొన్ని ఇళ్లల్లో వేళ్ల చివర జిల్లుమంటుంది. ఛార్జర్‌లో విద్యుత్ రొదను అణచడానికి పెట్టిన కెపాసిటర్ గుండా అతి కొద్దిపాటి కరెంటు ఒంటి లోహంలోకి వస్తుంది. ఎర్త్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోతుంది. రెండు పిన్నుల ఛార్జరైనా, బోర్డులో మూడో రంధ్రం ఉండి దాని వెనుక ఎర్త్ తీగ లేకపోయినా, దానికి మన ఒళ్లే దారి. పాత ఇళ్లల్లో, అద్దె గదుల్లో, హాస్టళ్లలో ఎర్త్ ఎంత సరిగ్గా ఉంటుందో ఎలక్ట్రీషియన్‌ను అడిగితే తెలుస్తుంది. అసలు కంపెనీ ఛార్జర్‌తో వచ్చే ఈ జిల్లు ప్రమాదం కాదు, భద్రతా పరిమితికి లోబడినదే. కానీ రోజుకు నాలుగైదు గంటలు కీబోర్డు మీద చేతులు పెట్టే విద్యార్థికి అది నిత్యం విసుగు. అసలు ఛార్జర్ పోయి డూప్లికేట్ తెచ్చుకున్న రోజున ఆ పరిమితికి హామీ కూడా ఉండదు. ప్లాస్టిక్ ఒంటితో ఈ గొడవే లేదు.

అల్యూమినియం వేడిని బయటికి తోస్తుంది, ప్లాస్టిక్ లోపలే ఆపుతుంది అని వాదించేవాళ్లున్నారు. లెక్క ప్రకారం వాళ్లది న్యాయమైన మాటే. శుద్ధ అల్యూమినియం ప్లాస్టిక్ కన్నా వెయ్యి రెట్లు వేగంగా వేడిని మోస్తుంది. అయితే ఫ్యాన్ ఉన్న లాప్‌టాప్‌లో వేడిలో ఎక్కువ భాగం రాగి గొట్టం మీదుగా ఫ్యాన్ దగ్గరికి చేరి జాలీలోంచి బయటికి పోతుంది. ఒంటి పాత్ర ప్రధానమయ్యేది ఫ్యాన్ లేని మోడళ్లలోనే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే బళ్లారి జిల్లాలో గది వేడి కన్నా చల్లగా ఏ లోహమూ ఉండలేదు. అది చేసేదల్లా లోపలి వేడిని అరచేతికీ ఒడికీ పంచడం. ఇక్కడ వేడి కన్నా పెద్ద శత్రువు దుమ్ము. సిరుగుప్ప రైసు మిల్లుల ఊరు. ఊక నలుసులు, తవుడు, కోతల కాలంలో పొలాల ధూళి ఫ్యాన్ రెక్కల్లో, జాలీలో పేరుకుని మెత్తటి పొరలా కట్టుకుంటాయి. ఆ పొర ఏర్పడ్డాక ఒళ్లు దేనితో చేశారన్నదానికి అర్థం లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పి, బ్రష్‌తోనో బ్లోయర్‌తోనో శుభ్రం చేయాల్సిందే. కాబట్టి అసలు ప్రశ్న దాన్ని ఊళ్లో ఎవరైనా విప్పగలరా అన్నది.

దుమ్ము ఏం చేయగలదో చెప్పడానికి లోహపు యంత్రాల్లోకెల్లా ఖరీదైన దాన్నే తీసుకుందాం. 2015 నుంచి 2019 దాకా ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లలో బటర్‌ఫ్లై అనే పలుచటి కీబోర్డు పెట్టింది. కీ కింద చిన్న నలుసు దూరినా అక్షరం పడటం మానేసేది, లేదా రెండేసి పడేది. 2018 జూన్‌లో కంపెనీ ఉచిత మరమ్మతు ప్రకటించాల్సి వచ్చింది. 2022లో అమెరికాలో వినియోగదారుల దావాను 5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఆ కీబోర్డును విడిగా మార్చే వీలులేక, అల్యూమినియం పైభాగం మొత్తాన్ని, దానికి అతికించి ఉన్న బ్యాటరీతో సహా మార్చాల్సి వచ్చేది. నిజం చెప్పాలంటే ఇప్పుడు చవక ప్లాస్టిక్ మోడళ్లలో కూడా కీబోర్డును ప్లాస్టిక్ కరిగించి అతికేస్తున్నారు, ప్లాస్టిక్ కదా అని ధీమా పడటానికి లేదు. కాకపోతే అక్కడ పైభాగం మొత్తం మార్చినా ఖర్చు తక్కువ, పాత యంత్రాల నుంచి తీసిన ముక్కలూ దొరుకుతాయి. సిరుగుప్ప నుంచి బళ్లారి 50 కిలోమీటర్ల పైమాటే. అక్కడ పని కాకపోతే బెంగళూరే దిక్కు. పరీక్షల ముందు యంత్రం వారం రోజులు మూలన పడితే పోయేది పిల్లల చదువు.

విద్యార్థుల కోసం వేలల్లో, లక్షల్లో కొన్నవాళ్లు ఏం ఎంచుకున్నారో చూసినా దిశ అర్థమవుతుంది. ఎండ, దుమ్ము ఉన్న పల్లె బడుల కోసమే రూపొందించిన వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్ యంత్రం 2007లో వచ్చింది. దాని ఒళ్లు ప్లాస్టిక్కే, కానీ మామూలుగా 1.3 మిల్లీమీటర్లుండే గోడను 2 మిల్లీమీటర్లు చేశారు. కీబోర్డును రబ్బరు పొరతో మూసేశారు, ఫ్యాన్ తీసేశారు. చదువును మార్చేస్తుందన్న ఆ పథకం ఆశలు చాలావరకు ఫలించలేదు, అది వేరే కథ. యంత్రం మాత్రం మొండిది. అమెరికా బడుల్లో నేడు ఎక్కువగా కనిపించే క్రోమ్‌బుక్‌లు కూడా మూలలకు రబ్బరు కట్టిన ప్లాస్టిక్‌వే. కేరళలో కైట్ అనే ప్రభుత్వ సంస్థ 2018లో 45,000 తరగతి గదులను హైటెక్ చేసినప్పుడు పరికరాలకు 5 ఏళ్ల వారంటీ ఉండాలని పట్టుబట్టింది. మన తెలుగునాట 2008లో నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి పాసైన పల్లె పిల్లల చేతికే లాప్‌టాప్‌లు ఇచ్చాయి. పదిహేను పదహారేళ్ల పిల్లల చేతుల్లో, డార్మిటరీ మంచాల మీద యంత్రం ఎలా నలుగుతుందో ఊహించుకోవచ్చు. పెద్ద ఎత్తున కొనేవాడు మెరుపు కోసం డబ్బు పెట్టడు, పాడైనప్పుడు ఎంతకు బాగవుతుందో చూస్తాడు. ఇంటికి ఒకటి కొనేవాళ్లకు ఆ లెక్క ఇంకా అవసరం. పోతే ఇంకొకటి తెచ్చుకోవడానికి స్టోర్‌రూమ్ ఉండదు.

ఒక్క చోట మాత్రం లోహానికి మార్కులు వెయ్యాలి. బళ్లారి కాలేజీలకు రోజూ వెళ్లివచ్చే పిల్లలది కల్యాణ కర్ణాటక బస్సు ప్రయాణం. 2023 జూన్‌లో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే శక్తి పథకం వచ్చాక బస్సుల్లో కిటకిట ఇంకా పెరిగింది. రద్దీలో బ్యాగు నలిగితే పలుచటి ప్లాస్టిక్ మూత లోపలికి వంగి తెరను నొక్కుతుంది. తెర పగిలిందంటే వేలల్లో ఖర్చు. బిగువైన అల్యూమినియం మూత అక్కడ కాపాడుతుంది. అందుకే మూత వరకు లోహం, అడుగు ప్లాస్టిక్, హింజ్ గట్టిదైన మోడల్ దొరికి ధర అందుబాటులో ఉంటే తీసుకోవడంలో తప్పులేదు. లేకపోతే మెత్తటి దూది పొర ఉన్న బ్యాగు కొన్ని వందలకే ఆ పనిలో సగం చేస్తుంది. లోహం పర్యావరణానికి మేలన్న వాదనా ఉంది. పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడటానికి కొత్తది తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతు చాలన్నది నిజమే. కానీ పర్యావరణం మీద లాప్‌టాప్ వేసే భారంలో పెద్ద వాటా చిప్పులు, బోర్డులు, తెరల తయారీలో పడుతుంది. రెండేళ్లు ఎక్కువ వాడితే కలిగే మేలు ముందు ఒంటి లోహాన్ని కరిగించే మేలు చిన్నది. తిరిగి అమ్మితే లోహానికి ధర పలుకుతుందనేవాళ్లకు జవాబు క్లుప్తం: సొట్టపడ్డదానికి పలకదు.

కాబట్టి కొట్లో చేయాల్సిన పరీక్షలు మారాలి. ఒంటి మీద చెయ్యి వేసి మురిసిపోకుండా మూతను నెమ్మదిగా తెరిచి చూడండి. హింజ్ దగ్గర మూల కదిలినా, కిర్రుమన్నా వద్దనండి. అడుగున స్క్రూలు మామూలువేనా, ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉందా, బ్యాటరీ స్క్రూలతో బిగించారా జిగురుతో అతికించారా అని అడగండి. మిలిటరీ పరీక్ష పాసైందన్న స్టిక్కర్‌ను నమ్మి డబ్బు కట్టొద్దు. ఆ పరీక్షలు సైన్యం చేసేవి కావు, కంపెనీ తానే చేయించుకునేవి. పాతది కొంటే విండోస్ 11 పడుతుందో లేదో చూసుకోండి; విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వారంటీ కంపెనీదైతే ఆదోనిలో కొన్నా బళ్లారిలో చెల్లుతుంది, దుకాణం సొంతంగా రాసిచ్చేది ఆ దుకాణం గడప వరకే. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి లాప్‌టాప్ మీద పదికి ఎన్ని మార్కుల మరమ్మతు సౌలభ్యం ఉందో అమ్మేవాడు చూపించాల్సిందే. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో కమిటీ వేసి మరమ్మతు హక్కు పోర్టల్ తెచ్చింది. ఇక్కడి షోరూముల్లో ధర చీటీ పక్కన అలాంటి మార్కు కూడా ఉండాలని అడగాల్సింది కొనే మనమే. ఆ రోజు వచ్చేదాకా అల్యూమినియం కోసం తీసిన ఆ కొన్ని వేలను ఇంటికొచ్చి బాగుచేసే మూడేళ్ల వారంటీకి కట్టండి.