టీ అంగడి తాతకు ఎవరి గొంతు పెడదాం?

"యాడికి పోతాండావు నాయినా, ఒక టీ తాగి పో."

మేం చేస్తున్న మాడ్‌లో మొదటి డైలాగు ఇది. 2004 నాటి జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో ఒక వీధిని పట్టుకుని లీలామహల్ సర్కిల్‌లాగా మార్చే పని సెలవుల్లో మొదలుపెట్టాం. బోర్డులు మార్చాం, ఆటోలు దింపాం, మూలన ఒక టీ అంగడి పెట్టాం. ఇంక అంగడిలో నిలబడ్డ తాత నోరు తెరవాలి. ఆయనకు ఉండేది మొత్తం ఆరు డైలాగులు. ఆ ఆరింటికి మాకు నాలుగు రాత్రులు పట్టింది.

మొదట అందరూ చేసేదే చేశాం. ఆన్‌లైన్‌లో ఒక టూల్ తెరిచి (పేరెందుకులే), డైలాగు టైప్ చేసి, ముసలాయన గొంతు ఎంచుకుని, బటన్ నొక్కాం. ఆడియో శుభ్రంగా వచ్చింది. కానీ 'పోతాండావు' దగ్గర అది 'పోతా' అని ఆగి, 'ఆండావు' అనేది ఇంకెవరి పేరో అన్నట్టు చదివింది. సరే అని 'ఎక్కడికి వెళ్తున్నావు' అని మార్చి ఇచ్చాం. ఈసారి ఒక్క తప్పు లేదు. కాకపోతే ఇప్పుడు మాట్లాడేది టీ అంగడి తాత కాదు, రేడియోలో వార్తలు చదివే పెద్దమనిషి. మాది పీలేరు పక్కన పల్లె. మా తాత జన్మలో ఎప్పుడూ 'వెళ్తున్నావు' అని ఉండడు.

మాడ్లు చేసే మిత్రులతో నా పేచీ ఇక్కడే. ఏఐ వాయిస్ టూల్ అనగానే మనం అడిగేది ఒకటే: 'మనిషి గొంతులాగా ఉందా?' ఇప్పుడు దాదాపు అన్నీ అట్లాగే ఉన్నాయి, కాబట్టి ఆ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. అది మన మాట పలుకుతుందా, ఆ గొంతు అసలు ఎవరిది అని ముందు అడగాలి.

మన మాట ఎందుకు పలకదంటే, కారణం పెద్ద రహస్యం కాదు. ఈ మోడళ్లు రికార్డింగులనీ వాటి పక్కన ఉన్న పాఠాన్నీ జతగా చూసి నేర్చుకుంటాయి. స్టూడియోలో కూర్చోబెట్టి రాసిన వాక్యాలు చదివించిన డేటా అయితే, మోడల్ కూడా చదువుతుంది, మాట్లాడదు. మన లిపిలో రాసినట్టే పలుకుతాం కాబట్టి అక్షరాలు చాలావరకు సరిగ్గానే వస్తాయి. పోయేది రాగం. 'వచ్చినాడా' అని మనం అడిగేటప్పుడు చివర ఎంత సాగదీస్తామో, 'అట్నా!' అన్నప్పుడు ఎక్కడ ఎత్తుతామో పాఠంలో ఉండదు కదా. నామిని ఈ యాసను ఏనాడో అచ్చులో పెట్టాడు. 2021లో 'పుష్ప' దాన్ని దేశమంతా వినిపించింది. మిషన్‌కు మాత్రం ఇంకా చెవికెక్కలేదు.

టూళ్ల సంగతి కూడా చెప్పాలి కదా. స్కైరిమ్ మాడర్లు ఎక్కువగా వాడిన ఎక్స్‌వీఏసింథ్ ఆ ఆటల్లోని గొంతుల మీదే తయారైంది, మన తెలుగు డైలాగుకు పనికిరాదు. ఆరు సెకన్ల శాంపిల్‌తో గొంతును కాపీ కొట్టే కాకీ వాళ్ల ఎక్స్‌టీటీఎస్ వీ2 పదిహేడు భాషలు మాట్లాడుతుంది, అందులో మన దేశానివి వెతికితే హిందీ ఒక్కటే. పైగా ఆ కంపెనీ 2024 మొదట్లోనే మూతపడింది. ఎలెవెన్‌ల్యాబ్స్‌లో తమిళం 2023లోనే వచ్చింది. తెలుగు కోసం 2025 దాకా, వీ3 మోడల్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. చిత్తూరు దాటి వేలూరు పోతే రెండేళ్లు ముందుకు పోయినట్టు! మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్ పార్లర్ టీటీఎస్‌లో తెలుగు ఉంది, మోడల్‌ను దించుకుని మన దగ్గరే నడుపుకోవచ్చు, గొంతు ఎట్లుండాలో మాటల్లో వర్ణిస్తే చాలు. నన్నడిగితే ప్రయోగాలకు ఇదే మంచిది. మెటా వాళ్ల ఎంఎంఎస్‌లోనూ తెలుగు ఉంది, కాకపోతే దాని లైసెన్సు వ్యాపారానికి ఒప్పుకోదు. మాడ్ ఉచితమే కదా అనుకుంటాం గానీ, రేపు యూట్యూబ్‌లో వీడియో పెట్టి యాడ్స్ ఆన్ చేసినప్పుడు కథ మారుతుంది. లైసెన్సు పేజీ చదవడం బోరే. చదవండి.

ఇక గొంతు ఎవరిది అనే సంగతి. మూడో రాత్రి మా రూంలో ఒకడు అన్నాడు: "ఇదంతా ఎందుకురా, బాలూ గారి గొంతు పెట్టేద్దాం. ఇంటర్వ్యూలు బోలెడున్నాయి, క్లోన్ చేస్తే సరిపోతుంది." అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. దాచుకునేదేముంది.

కానీ బాలు గారు ఎవరు? శ్రీకాళహస్తిలో చదువుకున్న మనిషి. మనలాగే ఇంజనీరింగ్‌లో చేరారు, అనంతపురంలో. ఆరోగ్యం బాగాలేక వదిలేశారు. పాటల సంగతి అందరికీ తెలుసు. మన చర్చకు కావాల్సింది ఆయన డబ్బింగ్. 1997లో వచ్చిన 'అన్నమయ్య'లో సుమన్ వేసిన వెంకటేశ్వరస్వామికి గొంతు ఆయనదే. తిరుపతిలో పుట్టి పెరిగిన మన తరానికి స్వామి మాట్లాడితే ఎట్లుంటుందో చెప్పింది ఆ గొంతే. 'దశావతారం' తెలుగులో కమల్‌హాసన్ పది వేషాల్లో ఏడింటికి ఆయనే చెప్పారు. ఒకే మనిషి, ఒకే కంఠం, ఏడుగురు మనుషులు. క్లోన్‌లో మనకు దొరికేది ఆ కంఠం మాత్రమే. ముసలామెకు ఎట్లా మాట్లాడాలి, పొడుగాయనకు ఎట్లా మాట్లాడాలి అని ఆయన కూర్చుని ఆలోచించిన పని దొరకదు.

పైగా ఇదేమీ ఊహ కాదు, జరిగిందే. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఏఐతో ఆయన గొంతు తయారుచేసి వాడారు. కుటుంబాన్ని అడగలేదని కొడుకు ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. ఆ రోజుల్లోనే, 2024 జనవరిలో, 'లాల్ సలామ్' పాటకు ఏఆర్ రహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు ఏఐతో తెచ్చారు. కానీ ముందే వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నారు, డబ్బు కూడా ఇచ్చారు. రెండుచోట్లా టెక్నాలజీ ఒకే రకం. ఒకచోట అడిగారు, ఒకచోట అడగలేదు.

"అవి సినిమాలు, మనది ఫ్రీ మాడ్" అనొచ్చు. విచర్ 3కి 2021లో వచ్చిన 'ఎ నైట్ టు రిమెంబర్' కూడా ఫ్రీ మాడే. గెరాల్ట్ గొంతు ఏఐతో చేశారు, అసలు నటుడు డగ్ కాకిల్ ఒక్క లైనూ చెప్పలేదు. అప్పుడే గొడవ మొదలైంది. 2023లో తమ గొంతులను అశ్లీల మాడ్లలో విన్న నటీనటులు బయటికొచ్చి మాట్లాడారు. అమెరికాలో ఆటల నటులు 2024 జులై నుంచి దాదాపు ఏడాదిపాటు సమ్మె చేసింది ముఖ్యంగా ఏఐ విషయం మీదే. ఫ్రీగా ఇచ్చినంత మాత్రాన గొంతు మనది అయిపోదు. పక్కింటి బైకు తీసుకుపోయి ఫ్రీ లిఫ్టులు ఇస్తే ఒప్పుకుంటారా?

అట్లాగని ఏఐని ముట్టనే వద్దు అనేవాళ్లతోనూ నేను లేను. పెద్ద మాడ్ అంటే వందల డైలాగులు, చేసేది ముగ్గురు, మైకు ఒక్కటి, అదీ అరువు తెచ్చింది. డైలాగు ఎన్ని సెకన్లు వస్తుందో చూసుకోవడానికి మొదట ఏఐ గొంతు పెట్టుకోండి. రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌కు అదే పెట్టండి, నిజంగా కూడా అక్కడ మాట్లాడేది మిషనే కదా. పేరున్న పాత్రకు మాత్రం మనిషే చెప్పాలని నా పట్టు. హాస్టల్లో మదనపల్లె వాడున్నాడు, కుప్పం వాడున్నాడు, పుంగనూరు వాడున్నాడు. ఒక్కొక్కడిదీ ఒక యాస. ఏ సర్వర్‌లోనూ లేని డేటా మన పక్క మంచం మీద గురక పెడుతోంది.

నాలుగో రోజు తెల్లవారుజామున కాలేజీ గేటు ఎదురుగా ఉండే టీ అంగడాయన దగ్గరికే పోయాం. ఎక్కడ వాడతామో చెప్పి, ఆటను ఫోన్‌లో చూపించి, అదే ఫోన్‌తో రికార్డు చేశాం. పాలు పొంగే చప్పుడు కూడా పడింది. తీసేయలేదు, అంగడికి సరిపోయింది. మా స్క్రిప్టులో 'ఒక టీ తాగి పో' అని ఉంటే ఆయన "టీ తాగి పోదువు రా నాయినా" అన్నాడు. అదే ఉంచేశాం.

రికార్డింగ్ అయినాక గ్లాసులు కడుగుతూ ఒకటే అడిగాడు: "నా గొంతుతో నేను అనని మాటలు ఏవీ అనిపించరు గదా?" అనిపించం అని చెప్పాం.

నిన్న స్క్రిప్టులో ఏడో డైలాగు చేరింది. మా దగ్గర ఆయన గొంతు నలభై సెకన్లు ఉంది, క్లోన్ చేయడానికి అంతకన్నా తక్కువ చాలు. శనివారం పొద్దున ఐదింటికి అలారం పెట్టుకున్నాం, గేటు దగ్గరికి పోవడానికి.