నేలజెఱ్ఱిని చంపుటకు ముందు

మన పల్లెలలో జెఱ్ఱి యన్న మాట వినినంతనే చేతికి చెప్పు వచ్చును. రాళ్లక్రిందను ఇంటిమూలలను దాగు పెద్దజెఱ్ఱి విషయమున నీ భయము సహేతుకమే. దాని కాటు యెట్టిదో తిన్నవా రెఱుగుదురు. కాని చేనిమట్టిలో నాగటిచాలున బయటపడు సన్నని నేలజెఱ్ఱికిని అదే శిక్ష విధించుట న్యాయమును గాదు, లాభమును గాదు.

మొక్క వాడినపుడు వేరు పెల్లగించి చూతుము. అచ్చట నీ జెఱ్ఱి కనబడినచో వేరు కొఱికినది యిదియే యని తీర్పు చెప్పుదుము. ఆ తీర్పు వెంబడి గుళికల మందునకు రూకలు వ్యయమగును. నిజమునకు జెఱ్ఱులు ప్రధానముగా మాంసాహారులు. మట్టిలోని మెత్తని పురుగులను వాని పిల్లలను వెదకి తినుటయే వాని వృత్తి. దొంగ యున్నచోటికి వచ్చిన తలారినే కట్టివేసినట్లున్నది మన తీర్పు.

మన దేశపు నేలజెఱ్ఱులలో నొకదానిని 1843లో న్యూపోర్టు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వర్ణించి, మెసిస్టోసెఫాలస్ పంక్టిఫ్రాన్స్ అని పేరిడెను. మిక్కిలి పొడవైన తలయు, చుక్కల నుదురును గలదని ఆ పేరునకు భావము. దాని గుర్తులు రైతు లెఱుగదగినవి. దేహము దారమువలె సన్నన, లేత పసుపు వన్నె. తలమాత్రము ఎఱ్ఱని గోధుమవన్నె. తల వెడల్పుకంటె పొడవు హెచ్చు. విషపుకొండ్లు తలను దాటి ముందునకు పొడుచుకొనివచ్చును. కన్నులు లేవు. మీసము ఒక్కొక్కటికి 14 కణుపులు. కాళ్లు 49 జతలు. పెద్దజెఱ్ఱికి సాధారణముగా 21 జతలే యుండును. నేలజెఱ్ఱుల పిల్లలు పుట్టుకతోనే కాళ్లన్నియు గలిగి పుట్టును గనుక చిన్నదానియందును లెక్క తప్పదు. తల్లి మట్టిలో గ్రుడ్లు పెట్టి వానిచుట్టు చుట్టుకొని కాచును.

అన్ని కాళ్లు లెక్కించు తీరిక లేనివారికి సులభమైన పరీక్ష గలదు. కణుపునకు ఒక్క జత కాళ్లు చొప్పున నున్నచో జెఱ్ఱి. కణుపునకు రెండు జతలు చొప్పున నున్నచో రోకలిబండ. అది హెచ్చుగా క్రుళ్లిన ఆకులను తినును. మొత్తముమీద ఆరు కాళ్లే యుండి, తెల్లగా వంకరతిరిగి యున్నచో వేరుపురుగు. అనుమానింపవలసినది ఈ కడపటిదానిని.

నేలజెఱ్ఱి వానపామును గూడ తినునుగదా యని కొందఱనవచ్చును. తినును. అయినను ఆ రెండును తరతరములుగా నొకే మట్టిలో బ్రదుకుచునే యున్నవి. రెంటిని ఒక్కసారిగా మాపునది మన మందే. నేలజెఱ్ఱియే వేరుపురుగును రూపుమాపునని నేను చెప్పను. శత్రువునకై చల్లిన విషము మిత్రుని గూడ చంపునని మాత్రమే చెప్పుచున్నాను. ఒకప్పుడు విరివిగా చల్లబడిన ఫోరేట్ గుళికల వాడుక మన దేశమున 2020 డిసెంబరు 31 నుండి నిషేధింపబడినది. నిన్న నమ్మిన మందు నేడు నిషిద్ధమైన సంగతి మనకు హెచ్చరిక కావలెను.

కావున నా యభిప్రాయ మిది. ప్రతి సంఘకార్యాలయమునను ఒక భూతద్దమును, నాలుగు గాజుసీసాలను ఉంచవలెను. మట్టిలో చల్లు మందు కోరు సభ్యుడు ముందుగా తన చేనిలో దొరకిన పురుగును పుల్లతో సీసాలోనికి నెట్టి తెచ్చి చూపవలెను. ఇది సభ్యుని యవమానించుట గాదు, వానిసొమ్మును కాపాడుట. మందునకు వెల గలదు గాని, కాళ్లు లెక్కించుటకు కాసు ఖర్చు లేదు.